తలుపు దగ్గర తోడు

ఉద్యోగి ఏం కోరుకుంటున్నాడో అడిగి తెలుసుకోవడం ఇరవై ఒకటో శతాబ్దపు యాజమాన్యాలకు పరమ ధర్మం. తెలుసుకున్నది ఇవ్వడం ఏ శతాబ్దపు ధర్మమో ఇంకా తేలలేదు. దాని మీద ఒక ఉపసంఘం పనిచేస్తోంది.

ఈ ధర్మాన్ని మన ప్రాంతంలో మొట్టమొదట తలకెత్తుకున్న ఘనత ఇందిరావిశ్వ గార్మెంట్స్ వారిది. కంపెనీ పెట్టింది దామోదర్ రావు. ఆయన తండ్రి కాలంలో, బీర్పూర్ దిక్కున ఉన్న వాళ్ల ఊళ్లో, జనం ఆ ఇంటి ముందు నుంచి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకుని నడిచేవారు. కాలం మారింది. ఇప్పుడు కంపెనీ నడుపుతున్న కొడుకు విశ్వజిత్ పనివాళ్లను 'కుటుంబ సభ్యులు' అంటాడు. (చెప్పులు ఇప్పటికీ షెడ్డు బయటే విప్పాలి. అది మాత్రం బట్టలకు దుమ్ము అంటకుండా.)

కంపెనీ మూడు చోట్ల విస్తరించి ఉంది. జగిత్యాలలో ప్రధాన కార్యాలయం, అంటే దామోదర్ రావు గారి ఇంటి కింది అంతస్తు. కోరుట్లలో 'ఆకాంక్షల విభాగం', అంటే విశ్వజిత్ మామగారి ఫంక్షన్ హాలు మీద ఖాళీగా ఉన్న రెండు గదులు. సిరిసిల్లలో కుట్టు షెడ్డు, అంటే పని. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో ముప్పై రెండు మంది ఆడవాళ్లు, నలుగురు మగవాళ్లు ఉన్నారు. నలుగురు మగవాళ్లకు ఒక బాత్రూం, ముప్పై రెండు మంది ఆడవాళ్లకు ఒక బాత్రూం. ఆ లెక్కన చూస్తే ఎవరికీ అన్యాయం జరగలేదు, తలా ఒక బాత్రూం వచ్చింది.

ఆడవాళ్ల బాత్రూంకు రేకు తలుపు ఉంది. దానికి ఒకప్పుడు గొళ్లెం కూడా ఉండేది. పోయిన ఆషాఢంలో అది ఊడి కింద పడింది, ఎవరో ఏరి కిటికీలో పెట్టారు, కిటికీలోంచి ఎటు పోయిందో తెలియదు. అప్పటి నుంచి ఎవరు పోయినా ఇద్దరు పోతారు. ఒకరు లోపలికి, ఇంకొకరు బయట తలుపు మీద చెయ్యి వేసి, వీపు తలుపు వైపు పెట్టి, ఎవరైనా ఇటు వస్తుంటే గట్టిగా దగ్గడానికి. ఏ పుస్తకంలోనూ రాసి లేని ఈ పద్ధతిని ముప్పై రెండు మందీ తు.చ. తప్పకుండా పాటించేవారు.

రాజలక్ష్మి కాలర్లు కుడుతుంది. నలభైకి ఒక ఏడాది తక్కువ వయసు, షెడ్డులో అందరికంటే పాత మనిషి. మొగుడు రాజన్న మస్కట్‌లో ఉంటాడు. ఒకరిని పనిలోంచి లేపి తోడు తీసుకుపోవడం ఆమెకు మొహమాటం. అందుకని ఒక ఉపాయం కనిపెట్టింది: నీళ్లు తాగడం మానేసింది. పొద్దున ఇంట్లో అరగ్లాసు చాయ్, సాయంత్రం ఇల్లు చేరాక చెంబెడు నీళ్లు. నడుమ ఏమీ లేదు. ఈ ఉపాయం ఆరు నెలలు బ్రహ్మాండంగా పనిచేసి, ఏడో నెలలో నడుము పక్కన ఒక నొప్పిగా తేలింది. ఆమె మిషను మీదే ఒరిగిపోయింది.

"మూత్రపిండంల రాళ్లున్నయ్. దినాం నాలుగు లీటర్లు తాగాలె. గంట గంటకు పొయ్యి రావాలె, ఆపుకోవద్దు," అంది డాక్టరమ్మ. "మళ్లొకసారి గిట్ల అచ్చినవంటే కోసుడే."

కాబట్టి సమస్య తేటతెల్లంగా ఉంది. రాజలక్ష్మి తాగాలి, తాగితే పోవాలి, పోతే పక్క మిషను మీద జేబులు కుట్టే వసంత లేవాలి. వసంత మంచిపిల్ల, ఒక్కసారి కూడా ముఖం మాడ్చలేదు. కానీ రోజుకు ఎనిమిది సార్లు లేచే మనిషి జేబులు తగ్గుతాయి. జేబులు తగ్గితే సూపర్‌వైజర్ గోడ మీద పేరు ఎర్ర రంగుతో రాస్తాడు. వారం తిరగకుండా గోడ మీద వసంత పేరు తప్ప ఎర్ర రంగు లేకుండా పోయింది.

"నా మూలంగ నీ పేరు గోడ కెక్కె," అంది రాజలక్ష్మి.

"ఎక్కనియ్ అక్కా. పెండ్లి పత్రిక మీద తప్ప నా పేరు ఏడ రాసిండ్రు ఇప్పటిదాక?" అంది వసంత.

వసంత నవ్వింది కానీ రాజలక్ష్మికి నవ్వు రాలేదు. ఒకరి కడుపు మీద తన కడుపు నొప్పి మోపినట్టు అనిపించి ఆమెకు ఆ రాత్రి అన్నం సయించలేదు.

సరిగ్గా ఆ వారమే కంపెనీ 'మన మనసు' అనే యాప్‌ను విడుదల చేసింది. కుటుంబ సభ్యులందరూ తమ ఆకాంక్షలను అందులో నమోదు చేయాలి. చేయనివాళ్లకు ఆకాంక్షలు లేనట్టు భావించి, అలాంటివాళ్లను ఆకాంక్షలు పెంచే శిక్షణకు పంపుతారు. రాజలక్ష్మి మధ్యాహ్నం సద్ది తిన్నాక ఫోను తీసింది. యాప్ ఆమెకు నమస్కారం పెట్టి, ఒక జాబితా చూపి, మీకు ఏం కావాలో నొక్కమంది. ఇష్టమొచ్చిన వేళకు పనికి వచ్చే సౌకర్యం. ఇంటి నుంచి పని. మానసిక ప్రశాంతత. పెంపుడు కుక్కలను ఆఫీసుకు తెచ్చుకునే వీలు. నాయకత్వ వికాసం. ఇతరములు.

"కుక్క అంటే ఏంది అక్కా, మన షెడ్డుకా?" అంది వసంత.

"ఏమో. గొళ్లెం అయితే లేదు ఇండ్ల," అంది రాజలక్ష్మి.

ఇతరములు నొక్కింది. 'బాత్రూంకు గొళ్లెం' అని రాసింది. యాప్ ఒప్పుకోలేదు. "మీ ఆకాంక్ష మరీ చిన్నదిగా ఉంది. కనీసం రెండు వందల అక్షరాలు ఉండేలా కోరుకోండి" అంది. ఇద్దరూ కూర్చుని ఆలోచించారు. చివరికి వసంత ఫోను అందుకుని 'ఆడోళ్ల బాత్రూంకు గొళ్లెం కావాలె గొళ్లెం కావాలె గొళ్లెం కావాలె' అని డబ్బా నిండేదాకా కొట్టింది. యాప్ సంతోషించి ఆకుపచ్చ రంగుకు మారింది. ఆకాంక్ష సంఖ్య 0017. ఉద్యోగి భావస్థితి: అత్యంత ఉత్సాహం.

ఇక్కడ జరిగిన పొరపాటు రాజలక్ష్మికి మరునాడు తెలిసింది. షెడ్డులో మరమ్మతులు చూసే సాయన్న ఒకప్పుడు సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపినవాడు. ఇనుముతో చేసినది ఏదైనా ఆయన చేతిలో మాట వింటుంది. రాజలక్ష్మి పనికి వస్తూ వస్తూ గాంధీ చౌక్ దగ్గర అరవై రూపాయలు పెట్టి ఒక గొళ్లెం కొని, కంపెనీ గొళ్లెం వచ్చేదాకా ఇది బిగించమని ఆయనకు ఇచ్చింది.

సాయన్న దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. "మంచి సరుకే. గని ఇప్పుడు పెట్టరాదు చెల్లె."

"ఎందుకు పెట్టరాదు?"

"నువ్వు గా ఆప్ల రాయకుంటే నేను ఎప్పుడో బిగించేటోన్ని. నువ్వు రాస్తివి. ఇప్పుడు గా తలుపు కోరుట్ల చేతుల ఉన్నది. కోర్టుల ఉన్న భూమి తీరు. తేలేదాంక ఎవ్వలు ముట్టొద్దు. నిన్ననే కాయితం అచ్చింది."

కాగితం నిజంగానే వచ్చింది. 'ఆకాంక్ష నమోదైన వస్తువును, అది పరిశీలనలో ఉన్నంతకాలం, బాగు చేయుట, బాగు చేయ ప్రయత్నించుట, బాగు చేయుటకు సహకరించుట నిషేధము.' రాజలక్ష్మి గొళ్లెం మళ్లీ సంచిలో వేసుకుంది. కోరిక నోట్లో ఉన్నంతసేపు అది ఆమె సొంతం. యాప్‌లో రాసిన నిమిషం నుంచి కంపెనీది.

రాత్రి ఫోనులో రాజన్నకు చెప్పింది.

"మేం ఎనమండుగురం ఒక్క రూముల పంటున్నం," అన్నాడు. "మాకు ఏం కావాలెనో మా కంపెనోడు ఒక్కనాడు అడుగలే. గని బాత్రూంకు గొళ్లెం ఉన్నది."

"మా కంపెనోళ్లు ఫోన్ల ఆప్ పెట్టి మరీ అడుగుతున్నరు," అంది రాజలక్ష్మి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా పలికింది. అది ఎట్లా వచ్చిందో ఆమెకే అర్థం కాలేదు.

కోరుట్లలో ఆకాంక్ష 0017 మీద మూడు వారాలు చర్చ జరిగింది. ముందు దాన్ని 'మౌలిక వసతుల కలలు' అనే శీర్షిక కింద, జిమ్ము కావాలని రాసిన సూపర్‌వైజర్ ఆకాంక్షతో కలిపి పెట్టారు. తర్వాత గొళ్లెం అనేది మౌలిక వసతి కాదు, వైఖరి అని ఎవరో అభ్యంతరం చెప్పారు. ఆఖరుకు క్షేత్ర పర్యటన జరగాలని తీర్మానించారు. పర్యటనకు ప్రణీత బయలుదేరింది. హైదరాబాద్‌లో పెద్ద చదువు చదివి వచ్చిన ఆమె హోదా 'ప్రధాన సంతోష అధికారి'. ముప్పై ఏళ్లు నిండని పిల్ల. మంచిదే. మాట్లాడేటప్పుడు అవతలి మనిషి కళ్లలోకి చూస్తుంది, చూడమని శిక్షణలో చెప్పారు.

సిరిసిల్ల షెడ్డులో ఆమె పొద్దుటి నుంచి ఒక కుర్చీలో కూర్చుని చేతిలో పలక లాంటి కంప్యూటర్‌తో అందరినీ గమనించింది. ఆడవాళ్లు ఇద్దరిద్దరుగా లేచి పోవడం, ఇద్దరిద్దరుగా తిరిగి రావడం చూసింది. ఒకరి కోసం ఒకరు మిషను ఆపడం చూసింది. ఆమె ముఖం నెమ్మదిగా వెలగసాగింది. పన్నెండు గంటలకు ఆమెకే అవసరం పడింది. తలుపు వేసుకోబోయి, అది నిలవకపోతే, బిత్తరపోయి చుట్టూ చూసింది. రాజలక్ష్మి లేచి వెళ్లి తలుపు మీద చెయ్యి వేసి అటు తిరిగి నిలబడింది.

"మీరు పోండ్రి మేడం, ఫికర్ చేయకుండ్రి. నేనున్న."

ప్రణీత బయటికి వచ్చేసరికి ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. రాజలక్ష్మి చెయ్యి పట్టుకుంది.

"రాజలక్ష్మి గారూ, హైదరాబాద్‌లో ఈ ఫీలింగ్ కోసం మేం రిసార్టులకు తీసుకెళ్తాం. కళ్లు మూసుకుని వెనక్కి పడిపోవాలి, వెనక ఉన్న సహోద్యోగి పట్టుకోవాలి. దాన్ని నమ్మకం పెంచే శిక్షణ అంటారు. సగం మంది కింద పడిపోతారు. మీ దగ్గర అది ఊరికే జరుగుతోంది!"

"ఊరికె ఏం కాదు మేడం. గొళ్లెం లేక," అంది రాజలక్ష్మి.

"అదే కదా," అంది ప్రణీత, ఇంకా గట్టిగా చెయ్యి నొక్కుతూ.

పది రోజుల్లో ఉత్తర్వు వచ్చింది. సిరిసిల్ల షెడ్డులో సహజంగా వికసించిన సహకార సంస్కృతిని 'తలుపు దగ్గర తోడు' అనే పేరుతో కంపెనీ అధికారిక విధానంగా స్వీకరించింది. ఇకపై ప్రతి కుటుంబ సభ్యురాలు బాత్రూంకు తోడుతోనే వెళ్లాలి. వెళ్లేముందు యాప్‌లో 'తోడు మొదలు' అని, వచ్చాక 'తోడు ముగింపు' అని నొక్కాలి. పోగైన తోడు నిమిషాలను నెల చివర ప్రకటిస్తారు. తోడుగా నిలిచినవారికి లోపలికి వెళ్లినవారు ఐదు నక్షత్రాలకు గాను మార్కులు వేయాలి. (మూడుకు తక్కువ వచ్చినవాళ్లకు తలుపు దగ్గర ఎలా నిలబడాలో వీడియో చూపుతారు.) ఆకాంక్ష 0017 ఆశించిన దానికంటే ఉన్నత స్థాయిలో నెరవేరినందున మూసివేయడమైనది.

మగవాళ్ల బాత్రూంకు గొళ్లెం ఉందన్న సంగతి రెండో ఉత్తర్వుకు దారితీసింది. ఆడవాళ్లకు దక్కుతున్న తోడు భాగ్యం మగవాళ్లకు దక్కకపోవడం వివక్ష అవుతుంది కాబట్టి, లింగ సమానత్వం దృష్ట్యా ఆ గొళ్లెం తొలగించాలి. సాయన్న తన చేత్తో తానే దాన్ని ఊడదీసి, చీటీ అంటించి, కోరుట్లకు పంపించాడు.

"ముప్పై ఏండ్ల సంది బిగించుడే నేర్చుకున్న. ఇప్పుడు ఊడదీసుడు ప్రమోషన్ అయింది," అన్నాడు.

మరునాటి నుంచి నలుగురు మగవాళ్లూ రోడ్డు అవతలి గోడ వెనక్కు పోవడం మొదలుపెట్టారు. ఆడవాళ్లకు ఆ గోడ లేదు.

ఇంతవరకు అయినా రాజలక్ష్మి సర్దుకునేదే. వసంత ఉంది, తోడు నిమిషాలు టార్గెట్లో కలుపుతామన్నారు, గోడ మీద ఎర్ర రంగు కూడా పోయింది. కానీ మంచి పద్ధతి ఎప్పుడూ ఒక మెట్టు దగ్గర ఆగదు. ఒకే ఇద్దరు మాటిమాటికీ కలిసి వెళ్లడం వల్ల సంబంధాలు ఇరుకైపోతున్నాయని యాప్ కనిపెట్టింది. ఇక నుంచి ఎవరికి ఎవరు తోడో యాప్ నిర్ణయిస్తుంది, వారం వారం మారుస్తుంది. రాజలక్ష్మికి షెడ్డు ఆ చివర గుండీలు కుట్టే ప్రేమలత పడింది. ప్రేమలత చెడ్డ మనిషి కాదు. కానీ ఎనిమిదో సారి పిలిచేసరికి ఎవరైనా ప్రేమలతే అవుతారు.

"మళ్లానా?" అంది ప్రేమలత, సూదిలో దారం ఎక్కిస్తూనే. "గిట్ల జరంత సేపు ఆపుకోరాదూ?"

రాజలక్ష్మి వెనక్కి వచ్చి కూర్చుంది. సీసాలో ఉన్న నీళ్లను కిటికీ బయట ఉన్న తులసి కుండీలో పోసేసింది. ఆ వారం అంతా తులసి ఏపుగా పెరిగింది. శుక్రవారం మధ్యాహ్నం నొప్పి మళ్లీ వచ్చింది. ఈసారి అది మెల్లగా రాలేదు. ఆమె కాలరు గుడ్డను పళ్ల మధ్య పెట్టి కొరికింది. వసంత మిషను ఆపి ఒక్క దూకులో వచ్చి ఆమెను లేవదీసి బాత్రూం దాకా నడిపించింది, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. లోపలి నుంచి మూలుగు వినిపిస్తుంటే వసంత ఏడ్చింది. షెడ్డులో ముప్పై మిషన్లు ఆగిపోయాయి.

అప్పుడే వసంత ఫోను మోగింది. 'అనధికార తోడు గుర్తించబడింది. ఇది మొదటి హెచ్చరిక.'

"నీ తోడు పాడుగాను!" అంది వసంత ఫోనుతో. ఫోను ఆ మాటను స్పందనగా స్వీకరించి ధన్యవాదాలు తెలిపింది.

సోమవారం రాజలక్ష్మి సెలవు పెట్టి బస్సెక్కి కోరుట్ల వెళ్లింది. ఫంక్షన్ హాల్లో ఎవరిదో పెళ్లి జరుగుతోంది. బ్యాండు మోత మధ్యలోంచి మెట్లెక్కి ప్రణీత ముందు నిలబడింది. ఆమె ఎప్పుడూ ఎవరినీ ఏదీ అడగలేదు. అడిగే విద్య ఆమెకు రాదు. సంచిలోంచి అరవై రూపాయల గొళ్లెం తీసి బల్ల మీద పెట్టింది.

"మేడం, గిది నేను కొన్న. సాయన్న బిగిస్తడు. మీరు జర ఊ అనుండ్రి చాలు. నాకు మంచిగుంట లేదు. కోస్తం అంటున్నరు."

ప్రణీత గొళ్లెం వైపు చూసింది. తలుపు మూసి వచ్చింది. (ఆ గది తలుపుకు గొళ్లెం ఉంది.) గొంతు తగ్గించి మాట్లాడింది, ఈసారి శిక్షణలో నేర్పినట్టు కాకుండా.

"అక్కా, నాకు అర్థమైంది. మొదటి రోజే అర్థమైంది. కానీ విశ్వజిత్ సార్ ఈ స్కీమును అవార్డుకు పంపించేశారు. ఇప్పుడు గొళ్లెం పెడితే తోడు నిమిషాలు సున్నా అవుతాయి. సున్నా అయితే నా ఉద్యోగం పోతుంది. అవార్డు ఫంక్షన్ అయిపోనివ్వండి, ఒక్క నెల. మీ కాళ్లు పట్టుకుంటా."

రాజలక్ష్మికి కోపం రావాల్సింది. రాలేదు. ఎదురుగా ఉన్న పిల్ల కూడా ఏదో తలుపు అవతల ఇరుక్కున్నట్టు కనిపించింది. గొళ్లెం తీసి సంచిలో వేసుకుంది.

"మీ కాళ్లెందుకు మేడం. నెల అంటే నెలనేనా?"

"నెలే," అంది ప్రణీత. కింద బ్యాండు వాళ్లు ఇంకో పాట అందుకున్నారు.

అవార్డు ఇచ్చేది 'ఉత్తమ పనిచోట్ల ప్రాంతీయ మండలి'. మండలి అధ్యక్షుడు సాకేత్ రావు, విశ్వజిత్‌కు బావమరిది. పోటీ తీవ్రంగా జరిగిందని, ఒకే ఒక్క దరఖాస్తు రావడంతో నిర్ణయం కష్టమైందని ఆయన ప్రకటించారు. కంపెనీ అవార్డుతో పాటు వ్యక్తిగత విభాగంలో 'ఉత్తమ తోడు' కూడా ఉంది. తోడు పోయినా, తోడు తెచ్చుకున్నా యాప్‌కు ఒకటే. దాని లెక్కల ప్రకారం కంపెనీ చరిత్రలో అత్యధిక తోడు నిమిషాలు పోగుచేసిన కుటుంబ సభ్యురాలు రాజలక్ష్మి. రెండో స్థానంలో ఉన్నవారికి ఆమె నిమిషాల్లో మూడో వంతు కూడా లేవు. (వారికి రాళ్లు లేవు.)

ఆదివారం నాడు ముప్పై రెండు మందినీ బస్సులో ఎక్కించి, వేములవాడ మీదుగా జగిత్యాల తీసుకుపోయారు. దామోదర్ రావు గారి ఇంటి ముందు పచ్చిక మీద షామియానా వేశారు. పూలదండలు, మైకు, వేదిక వెనక పెద్ద ఫ్లెక్సీ. ఫ్లెక్సీ మీద రాజలక్ష్మి ఫొటో, బాత్రూం తలుపు మీద చెయ్యి వేసి నిలబడి ఉన్నది. అది ప్రణీత పర్యటన రోజున ఆమెను మళ్లీ నిలబెట్టి తీసింది. కింద 'మా నమ్మకం, మా తోడు' అని రాశారు. తన ఫొటో అంత పెద్దగా చూసుకోవడం రాజలక్ష్మికి మొదటిసారి. తలుపు మాత్రం చాలా బాగా పడింది.

వాళ్లకు చల్లటి నీళ్లు ఇచ్చారు. రాజలక్ష్మి దారి పొడుగునా సీసా ఖాళీ చేసింది, ఇక్కడ మళ్లీ రెండు గ్లాసులు తాగింది. సెలవు రోజు కదా, యాప్ లేదు కదా అని. పది నిమిషాల్లో పోవాల్సి వచ్చి వసంత చెయ్యి గిల్లింది. ఇద్దరూ ఇంటి వెనకగా వెళ్లి అడిగితే, పనిమనిషి కింది అంతస్తు చివర ఆఫీసు బాత్రూం చూపించింది.

అది టేకు తలుపు. రాజలక్ష్మి లోపలికి పోయి తలుపు మూసింది. అలవాటుగా, "వసంతా, ఉన్నవా?" అని కేకేసింది.

"ఉన్న అక్కా," అంది వసంత, తలుపు మీద చెయ్యి వేసి, అటు తిరిగి.

అప్పుడు రాజలక్ష్మి చూసింది. తలుపుకు జానెడు పొడుగు ఇత్తడి గొళ్లెం ఉంది. దామోదర్ రావు తండ్రి కాలంలో చేయించింది, ఊళ్లోని ఇంటి నుంచి తెచ్చి బిగించారు. దాని కింద ఇంకొకటి, పైన ఒక చిటికెన గడియ. ఒక్కడి కోసం మూడు. ఆమె ఒకదాని తర్వాత ఒకటి మూడూ వేసింది. తలుపును లాగి చూసింది. కదల్లేదు. మళ్లీ లాగి చూసింది.

"వసంతా, నువ్వు పొయ్యి కూసో."

"ఎందుకక్కా?"

"గొళ్లెం ఉన్నది."

వసంత చెయ్యి తీసి, తలుపును అరచేత్తో నెట్టి చూసింది. అది గోడలా నిలబడింది. "అవ్వో, నిజమే!" అంది. కానీ పోలేదు. "నువ్వచ్చినంక నేను పోత," అంది.

రాజలక్ష్మి పని అయిపోయింది. అయినా లేవలేదు. నెలల తరబడి ఆమె ఎక్కడ కూర్చున్నా ఒక చెవి తలుపు దగ్గర ఉండేది. ఇప్పుడు రెండు చెవులూ తన దగ్గరే ఉన్నాయి. కుళాయి చుక్క చుక్కగా కారుతున్న చప్పుడు వినిపించింది. వెంటిలేటర్‌లోంచి కొంచెం ఎండ పడుతోంది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఏడ్చింది. ఎవరూ చూడనప్పుడు ఏడ్చి చాలా రోజులైంది, కాబట్టి తొందరపడలేదు.

మైకులో విశ్వజిత్ గొంతు వినిపిస్తోంది. "మాది కంపెనీ కాదండీ, కుటుంబం. కుటుంబంలో తలుపులకు గొళ్లాలు ఉంటాయా? మనుషుల మధ్య గొళ్లాలు ఉండకూడదు. ఈ రోజుల్లో ఉద్యోగులు జీతం కోసం రారు, అనుబంధం కోసం వస్తారు..." చప్పట్లు పడ్డాయి. వేదిక మీద ఉన్నవాళ్లు కొట్టినవి. "ఇప్పుడు ఉత్తమ తోడు, శ్రీమతి రాజలక్ష్మి!"

"అక్కా, నీ పేరు పిలుస్తున్నరు," అంది వసంత తలుపు దగ్గర.

"పిలువనియ్."

"రెండోపారి పిలిచిండ్రు."

"నువ్వు పొయ్యి తీస్కోరాదు. నేను ఇంకింతసేపు కూసుంట."

వసంత పోదామని వెనక్కి తిరిగింది. ఆమె వెనక ప్రేమలత నిలబడి ఉంది. ప్రేమలత వెనక గుండీల లైను, దాని వెనక జేబుల లైను, దాని వెనక కాజాల లైను. ఎవరు చెప్పారో తెలియదు. వరండా పొడుగునా, మెట్ల మీదుగా, గులాబీ కుండీల దాకా ముప్పై మంది ఆడవాళ్లు చెప్పులు విప్పి చేత పట్టుకుని వరుసలో నిలబడి ఉన్నారు.

"నిజంగనే గొళ్లెం ఉన్నదా?" అంది ప్రేమలత మెల్లగా.

"ఒక్కటి కాదు, మూడున్నయంట."

వరుస చివరి దాకా ఆ మాట పాకింది. పచ్చిక మీద షామియానా కింద ఖాళీ కుర్చీల ఎదుట విశ్వజిత్ మూడోసారి పేరు పిలిచి, అవార్డును కాసేపు చేతిలో పట్టుకుని, చివరికి ప్రణీతకు ఇచ్చాడు. ఆమె దాన్ని గుండెకు హత్తుకుని, ఇంటి వెనకవైపు ఒకసారి చూసి, ఎవరూ చూడటం లేదని అనుకుని, తాను కూడా వెళ్లి వరుస చివర నిలబడింది.

అవార్డు గ్రహీతతో సహా ముప్పై రెండు మంది కుటుంబ సభ్యులు వ్యక్తిగత కారణాల వల్ల వేదిక వద్దకు రాలేకపోయారని కంపెనీ నివేదికలో రాశారు. కంపెనీ ఇప్పటిదాకా రాసిన నివేదికలన్నిటిలోనూ పొల్లుపోని నిజం ఆ ఒక్క వాక్యమే.